పత్తిలో పాతిన జిరాక్స్ మిషన్

ఖానాపూర్ నుంచి కరీంనగర్‌కు ఇల్లు మారిన రోజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసే వస్తాయి. ముందు వచ్చేది కోపమే. ఆ రోజు నా మాట ఒక్కరూ వినలేదు మరి.

కరీంనగర్‌లో ఒక కాలేజీ ఎదురుగా మడిగె, దాని వెనక రెండు గదులు అద్దెకు దొరికాయి. మడిగెలో నేను జిరాక్స్ దుకాణం పెట్టాలి, వెనక గదుల్లో నన్ను కన్న అవ్వ, బాపు, నేను ఉండాలి. మిషన్ పాతది, ఖానాపూర్‌లోనే మూతపడ్డ ఒక ట్యుటోరియల్ వాళ్ల దగ్గర కొన్నాను. నలుగురు పట్టుకుంటే తప్ప లేవదు. దాని మీద మూత కూడా లేని అద్దం మాత్రం అప్పడమే. మెకానిక్ నాకు ఒకటికి మూడుసార్లు చెప్పాడు.

"అక్కా, గీ అద్దం పలిగిందంటే మల్ల దొరకది. మిషన్‌ను పండవెట్టకుండ్రి. అచ్చు పడే నల్ల పౌడర్ డబ్బా తీసి వేరే చేతుల పట్టుకోండ్రి."

అద్దం పోతే దుకాణం పోయినట్టే. ఇంకో మిషన్ కొనే తాహతు నాకు లేదు. అందుకని థర్మాకోల్ తెస్తానన్నాను. బాపు పకపకా నవ్వాడు.

"ఇంట్ల గింత పత్తి వెట్టుకొని థర్మాకోల్ ఎందుకే? మిషన్‌ను పత్తిల పాతిపెడదాం. కడుపుల సల్ల కదలకుంట పోతది. పత్తి సుత కరీంనగర్ చేరుతది, ఆడనే అమ్ముకుందం. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు!"

ఆ పత్తి మా రెండెకరాలది. ఆ ఏడు కూలీలు దొరకలేదు, అవ్వ ఒక్కతే ఒంగి ఒంగి ఏరింది. గదిలో నడుము లోతు పోసి ఉంది. చేయి పెట్టి చూస్తే మెత్తగానే ఉంది. థర్మాకోల్ మాట వదిలేశాను.

మిగతా సామాను ముందురోజే వెళ్లిపోయింది. కిరాయికి తెచ్చిన ట్రాలీ ఆటోలో మిషన్ ఎక్కించి, బాపు దాని చుట్టూ పత్తి కుక్కి, పైన కూడా జానెడు మందాన పోశాడు. చూసేవాళ్లకు అది పత్తి బండి తప్ప ఇంకోటి కాదు. అవ్వ మిషన్‌కు ఓ పక్కగా పత్తి మీద, పౌడర్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బాపు, నేను డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాం.

జగిత్యాల దాటాక రోడ్డు పక్కన పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. జిన్నింగ్ మిల్లు ఉందక్కడ. వాచ్‌మన్ మమ్మల్ని చూసి ఈల ఊదాడు. "ఏయ్ ట్రాలీ! లైన్ల వెట్టు!" మా డ్రైవర్ మారుమాట లేకుండా తీసుకెళ్లి లైన్లో పెట్టాడు.

"ఎందుకు వెట్టినవన్నా?"

"విజిల్ కొట్టిండు గదక్కా. పత్తి బండి లైన్లనే వెట్టాలె."

"మనది పత్తి బండి కాదు!"

అతను అద్దంలో వెనక్కి చూసి నాలుక కరుచుకున్నాడు. "అరె హౌ! యాద్ మర్చిన. ఫికర్ జెయ్యకు, జర్ర రివర్స్ కొడ్త." అప్పటికే వెనక రెండు ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డాయి. ముందుకు పోలేం, వెనక్కి రాలేం.

అంతలో తెల్ల అంగీ వేసుకున్న దళారి ఒకడు వచ్చాడు. చేతిలో మీటర్, దానికి మూరెడు ఇనుప చువ్వ. ఆ చువ్వను పత్తిలోకి పొడిచి తేమ ఎంతుందో చూస్తారు. మా బండిలో అది నిటారుగా దిగితే తగిలేది నా అద్దానికే.

"అన్నా, పొడవకు! లోపట జిరాక్స్ మిషనున్నది!"

అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు. "పత్తికి నీళ్లు కొట్టినోళ్లను సూసిన, పత్తిల బండలు వెట్టినోళ్లను సూసిన. జిరాక్స్ మిషనన్నోళ్లను ఇయ్యాల్నే సూస్తున్న."

మా బాపు నోట్లో నువ్వుగింజ నానదు. "నిజమే సేటూ, లోపట మస్తు బరువున్నది, జర పైలం" అన్నాడు. ఇంకేం కావాలి? తూకం పెరగాలని మేం రాళ్లు దాచామని ఆ దళారి ఖాయం చేసుకున్నాడు. చక్రం మీద కాలు పెట్టి ఎక్కనే ఎక్కాడు.

"జరుగు పెద్దమ్మా" అని అవ్వను అదిలించి, రెండు చేతులతో చువ్వ పైకెత్తాడు.

"నా బిడ్డ దుకాణంల పొడుస్తవారా!" అని అవ్వ గట్టిగా అరిచి, చేతిలో ఉన్నదానితో అతని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. చేతిలో ఉన్నది పౌడర్ డబ్బా.

మూత ఎగిరిపోయింది. నల్లటి పొడి భగ్గున లేచింది. కాసేపు నాకు ట్రాలీయే కనబడలేదు. పొడి సర్దుకున్నాక చూస్తే దళారి నలుపు, అవ్వ నలుపు, పత్తి నలుపు. మనుషులిద్దరికీ కళ్లూ పళ్లే మిగిలాయి. లైన్లో ఉన్న రైతులు పొట్టలు పట్టుకుని నవ్వారు. మా డ్రైవర్ స్టీరింగ్ మీద వాలిపోయి మరీ నవ్వాడు. వాచ్‌మన్ మాత్రం ఈల ఊదుకుంటూ ఉరికొచ్చాడు. ఆ పత్తి ఒక్క గుప్పెడు లోపల పడినా మొత్తం సరుకు ఖరాబవుతుందట.

"తియ్యుండ్రి! మిల్లు కాడ ఉండనే ఉండొద్దు!"

ట్రాక్టర్ల వాళ్లు ఎవరూ అడక్కుండానే జరిగి దారిచ్చారు.

కరీంనగర్ చేరి బండి ఆగగానే నేనే ఎక్కి రెండు చేతులతో పత్తి తవ్వాను. అద్దం చల్లగా తగిలింది. నాలుగు అంచులూ తడిమాను. ఒక్క గీత లేదు. హమ్మయ్య అనుకున్నానో లేదో కోపం నెత్తికెక్కింది. పౌడర్ లేని మిషన్‌ను ఏం చేసుకోను? మర్నాడే దుకాణం తెరుస్తానని కాలేజీ పిల్లలకు చెప్పి ఉన్నాను.

"కొట్టనీకి నీకు గదే దొరికిందానే? కాలికి చెప్పు లేదా? రేపు దుకాణమెట్ల తెరవాలె?" అని నడివీధిలో గొంతు చించుకున్నాను.

అవ్వ పత్తి మీదే నా దగ్గరికి జరిగింది. "అద్దం పలగలే గద బిడ్డా?" అంది.

"పలగలే."

"సల్లగుండు తల్లీ" అని మిషన్‌కే రెండు చేతులూ జోడించింది.

అప్పుడు చూశాను ఆ చేతులను. పత్తికాయల డొప్పలు గీరిన గీతల నిండా నల్ల పొడి. డబ్బాడు పొడి పోయినందుకు నేను వీధిలో రచ్చ చేశాను. తాను ఒంగి ఏరిన పత్తంతా ఎందుకూ పనికిరాకుండా పోతే అవ్వ దాని ఊసే ఎత్తలేదు. అవ్వ ముందుకు వంగి కొంగుతో అద్దం తుడవడం మొదలుపెట్టింది. ఆ కొంగుకూ పొడే, తుడిచినకొద్దీ అద్దం ఇంకా నల్లబడుతోంది. నేను తుడవనిచ్చాను.