చివరి కయ్యకు నీళ్లు

మా ఊరి నీరుగంటి తన కూతురి ఊరికి పోయి, అక్కడే జ్వరంతో కన్నుమూశాడని బద్వేలు నుంచి వచ్చిన బండివాళ్లు చెప్పారు. వినగానే నాకు ఏడుపు రాలేదు. మా కయ్యకు, ఆ ఒక్క మడికి ఇక నీళ్లెవరు తెస్తారన్న దిగులే ముందు పుట్టింది. ఆయన విని ఉంటే తప్పు పట్టేవాడు కాదు.

చెరువు నీళ్లను వంతులవారీగా పొలాలకు పారించడం ఆయన పని. ఎవరైనా తూము దగ్గర మొదలుపెడతారు. ఈయన మాత్రం పార భుజాన వేసుకుని ముందు చిట్టచివరనున్న నా కయ్యకు వచ్చి, అక్కడి నుంచి వెనక్కి నడిచేవాడు. మొగుడు పోయాక ఆ ఒక్క కయ్య మీదే నేను బతికాను. అది ఆయన కాళ్ల పుణ్యమే. కోతలయ్యాక కళ్లాల్లో ఆయనకు కూలిగా కొలిచే మేర గింజలు కూడా మొదట నా దగ్గరే పట్టేవాడు. "నీ కయ్య పండిందంటే ఊరంతా పండినట్లేనక్కా. ఈడ ఎండితే ఇంకో కళ్లంలో చెయ్యి చాపేదానికి నాకు మొగం చెల్లదు" అనేవాడు.

తర్వాత సర్కారు ఆ మేరలు తీసేసి నెలజీతం పెట్టింది. నాకు ఒళ్లు మండింది. పండినా ఎండినా జీతం ఒకటే అయితే చివరిదాకా ఎవరు నడుస్తారు? ఇక నీది కడుపు నిండిన బేరమే కదా అని ఆయన్నే అడిగాను.

"కరువొచ్చినప్పుడల్లా నా బిడ్డలు పస్తులుండిరి గదక్కా. ఇప్పుడు సంగటి తింటాండారు. వద్దనేదెట్లా?" అన్నాడు.

అయినా ఆయనకూ మనసు నిలవలేదు. చెరువు నిండని ఏడు, పారించడానికి నీళ్లు లేకున్నా జీతం వచ్చింది. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి ఎండిన కాలవలో పూడిక తీసేవాడు. "ఊరికే తింటాంటే ముద్ద దిగల్యా" అన్నాడు. మరో దిగులు కూడా చెప్పాడు. "నేను మీ కళ్లంలో తిన్నోన్ని, వస్తాండా. నా తర్వాత యాడనుంచో వచ్చేవానికి నీ కయ్య యాడుండాదో ఎవరు చెప్తారు?"

జీతం మంచిదే, ఆయన పిల్లలు బతికారు. కానీ తాలూకా కచేరీ కొత్త మనిషిని ఎప్పుడు పంపుతుందో, వచ్చినవాడు ఎంత దూరం నడుస్తాడో తెలియక నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు.

ఇవాళ కూడా కయ్య దగ్గరికి పోయాను. ఊరికి పోయే ముందు ఆయన నడిచిన అడుగులు కాలవ బురదలో పడి, ఎండి గట్టిపడ్డాయి. తిరిగి పోయేటప్పుడు గట్టు మీద నడిచాడేమో, అన్నీ నా కయ్య వైపే ఉన్నాయి. పైరు వాడుతోంది, నీళ్లు రావాలి. వస్తే ఆ అడుగులు చెరిగిపోతాయి.