ఫిల్మ్ తిరగని మధ్యాహ్నం

ఫోటోగ్రఫీ కోర్సు రెండో సంవత్సరంలో మాకిచ్చిన పని చిన్నదే. ఒక ఫిల్మ్ రోల్, ఒకే మనిషి, సోమవారానికి ముప్పై ఆరు ఫోటోలు. తోటివాళ్ళు పూలమ్మేవాళ్ళనీ, తుడియలూరు నీటిపంపుల వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళనీ ఎంచుకున్నారు. తెలియని మనిషి ముందు నిలబడి ఫోటో తీసుకోవచ్చా అని అడగడం నావల్ల కాదు. ఆ వాక్యాన్ని డైరీలో మూడు రకాలుగా రాసి చూసుకున్నాను. నోట్లోంచి ఒక్కటీ రాలేదు. అందుకే సింగానల్లూరులో బస్సెక్కి మదురైలో ఉండే మా అవ్వ వాళ్ళక్క దగ్గరికి వెళ్ళాను.

ఆమెను పెద్దవ్వ అంటాను. ఆమె ఫోటోలకు దొరకదు. ముందుగదిలో ఉన్నవి రెండే పటాలు, భర్తదీ కొడుకుదీ. రెంటికీ అద్దం మీద కుంకుమబొట్టు. బతికున్నవాళ్ళను పటం చేయకూడదని ఆమె పట్టుదల. ఆధార్ కార్డుకు కూడా కళ్ళు మూసుకుని కూర్చుందట.

"నన్ను గోడకెక్కించేదానికి అంత అవసరమా కణ్ణు?" అంది, నేను కెమెరా తీయగానే.

"కాలేజీ పడిప్పుకు పెద్దవ్వా, మార్కుల కోసం. గోడకు కాదు."

"చేతులు తీసుకో. ముఖం ఒకే తూరి. కడిగినాక నాకు తెచ్చి చూపించాల. సరియా?"

ఆమె మునగాకు దూస్తుంటే చేతులు తీశాను, వీపు తీశాను. ఇరవై రెండో ఫోటో దగ్గర ఆమె పక్కింటి కోడిని అదిలించి, తలెత్తి నన్ను చూసి నవ్వింది. నొక్కాను.

తర్వాతి ఫోటోకు ఫిల్మ్ జరిపే లీవరు లాగినప్పుడు చూశాను. కెమెరా పైన ఎడమవైపున్న చిన్న నాబ్ కదల్లేదు. లోపల ఫిల్మ్ జరిగితే అది తనంతట తిరగాలి. అంకె పెరిగిందని నమ్మకండి, నాబ్ చూడండి అని మా మేడమ్ మొదటి క్లాసులోనే చెప్పింది. నేను అంకెనే చూస్తూ వచ్చాను. మళ్ళీ లాగాను. అంకె పెరిగింది, నాబ్ అలాగే ఉంది. ఫిల్మ్ కొస లోపలి చక్రానికి పట్టుకోనే లేదు. ఒక్క ఫోటో కూడా పడలేదు.

తర్వాత చేసింది రాయడానికి ఇప్పటికీ సిగ్గు. నొక్కుతూనే ఉన్నాను. ఆగితే ఎందుకాగావని అడుగుతుంది. "ఇంకా ఉందా?" అని ఆమె ఒకసారి అడిగితే "ఉంది" అన్నాను. ఆ గొంతు నాది కానట్టు వినిపించింది. ముప్పై ఆరు దాకా అలాగే నొక్కి, నీళ్ళు తాగే నెపంతో వంటగదిలోకి వెళ్ళి కెమెరా వెనక మూత తెరిచాను. ఫిల్మంతా డబ్బాలోనే భద్రంగా ఉంది. కొసను సరిగ్గా ఎక్కించి, నాబ్ తిరిగేదాకా లీవరు లాగాను.

ఇక చేతులు మాత్రం మళ్ళీ తీసుకుని, ముఖం ఊసెత్తకుండా బస్సెక్కేయవచ్చు. కానీ చూపించాలని ఆమె అడిగి ఉంది. కెమెరా పట్టుకుని బయటికి వచ్చాను.

గడప దగ్గర నిలబడి నేలను చూస్తూ చెప్పాను. "పెద్దవ్వా, ఫిల్మ్ తిరగలేదు. ఏదీ పడలేదు."

ఆమె మునగ రెమ్మ పక్కన పెట్టింది. "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

తిడుతుందనుకున్నాను గానీ ఈ ప్రశ్న అనుకోలేదు. "నువ్వు నవ్వినప్పటినుంచి."

"అప్పటినుంచి ఊరికే సుమ్మా నొక్కుతుండావా? నేను పిచ్చిదాని మాదిరి వీపు తిప్పి తిప్పి చూపిస్తుంటిని."

వెళ్ళిపోమంటుందేమోనని ఎదురుచూశాను. ఆమె కొంగు సర్దుకుంది.

"ఆ తిరిగేది ఏది? చూపియ్."

చూపించాను.

"సరి, తియ్. తిరగాల, నాకు కనపడాల."

ఒక్కో ఫోటోకూ లీవరు లాగగానే "తిరిగింది" అని తనే చెప్పింది. ఒక్కసారీ నవ్వలేదు.

కాలేజీ డార్క్‌రూములో కడిగితే ముప్పై ఆరూ పడ్డాయి. ముఖం అన్నింటిలోనూ ఉంది. చూపు మాత్రం నా మీద కాదు, నా ఎడమచేతి వేళ్ళ దగ్గర ఆ నాబ్ మీద, దొంగను కాపలా కాస్తున్నట్టు. వాటినే ఇచ్చాను, మార్కులు బాగానే వచ్చాయి.

ఈరోజు ఒక ప్రింటు కవరులో పెట్టుకుని మదురై బస్సెక్కాను. దిండిగల్ వచ్చేలోపు మూడుసార్లు బయటికి తీసి చూశాను. ఈ ముఖాన్ని ఆమె చేతిలో పెట్టి ఎదురుగా ఎలా నిలబడాలో ఇంకా తెలియడం లేదు.