అడవి గుర్రాల పండగలో ఉలవచారు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. రెండేళ్ళుగా నెలకి ఇరవై డాలర్లు ఒక గుర్రానికి పంపుతున్నాను. ఓక్లహామాలో పాల్స్ వ్యాలీ దగ్గర అడవి గుర్రాలను తెచ్చి సాకే చోటు ఉంది. అక్కడి బూడిదరంగు ఆడగుర్రం అది. పేరు లేదు, మెడమీద నంబరు ముద్రే. దాని గురించి వాళ్ళు రాసిన ఉత్తరాలన్నీ నా డైరీలో అతికించుకున్నాను. ఈ అక్టోబరులో చందాల కోసం వంటల పోటీ పెడుతున్నాం, రమ్మన్నారు. అక్కడ నలుగురితో మాట్లాడాలేమోనని వారం రోజులు జంకి, చివరికి టికెట్ బుక్ చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం ప్లేనోలో ఇండియన్ షాపుకి వెళ్ళి గుర్రాలకని పది పౌండ్ల ఉలవలు కొన్నాను. నా రూమ్మేట్ శ్రావణి ఫోర్ట్‌వర్త్ స్టేషన్‌దాకా డ్రైవ్ చేసింది. గుర్రాల దగ్గర వాలంటీరింగ్ అని మాత్రమే చెప్పాను, ఉలవలు వాటికేనని. "గుర్రాలకి గిఫ్టా? నా బర్త్‌డేకి మాత్రం వాట్సాప్‌లో కేక్ బొమ్మ పంపావు కదే," అంది.

అటువైపు రోజుకి ఒకటే రైలు, సాయంత్రం ఐదున్నరకి కాస్త ముందు. టికెట్ ముప్పై చిల్లర డాలర్లు. పక్క సీటులో నార్మన్ వెళ్తున్న పెద్దావిడ స్వెటర్ అల్లుతోంది. నేనెక్కడికో అడిగి తెలుసుకుని, "నిన్ను చూడగానే పారిపోతాయి, బాధపడకు. నా పిల్లలూ అంతే," అంది.

ఎనిమిది దాటాక పాల్స్ వ్యాలీలో దిగాను. ఆ చోటు నడిపే మార్జీ పికప్ ట్రక్కుతో నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. ఇంటికి వెళ్ళాక వంటగదిలో సంచి విప్పి గింజలు అరచేతిలో పోసుకుంది.

"ఇవి ఎండుగడ్డి తిని బతికిన గుర్రాలు, హనీ. ఇంత బలమైన గింజ పెడితే కడుపునొప్పితో చచ్చిపోతాయి."

నా చెవులు వేడెక్కాయి. మా వైపు గుర్రాలంటే ఉలవలే కదా, ఇంకేం ఆలోచించలేదు. మనుషులు తింటారా అని ఆమె అడిగితే చారు కాస్తామని గొణిగాను. ఆమె నా ఎదురుగా ఒక ఫోటో పెట్టింది. నా బూడిదరంగు గుర్రమే, పక్కన దాని పిల్ల.

పోటీలో ఒక్కో గిన్నె ఒక్కో గుర్రం పేరున పెడతారట. రుచి చూసినవాళ్ళు గిన్నె పక్కనున్న గాజు జాడీలో డబ్బు వేస్తారు. ఎర్ర గీత దాకా నిండితే ఆ గుర్రానికి చలికాలం మేత దొరికినట్టే. లేకపోతే పక్క రాష్ట్రంలోని ఆశ్రమానికి పంపాలి, అక్కడ గుర్రప్పిల్లలకి చోటు లేదు. తల్లీపిల్లా విడిపోతాయి. ఈ గుర్రం పేరున వండాల్సినావిడ ఫ్లూతో పడుకుంది. నేను పంపే ఇరవై డాలర్లు ఏ మూలకి?

ఆవిడ బదులు నేను వండుతానని చెప్పి ఆ రాత్రే ఉలవలు నానబెట్టాను. పడక వాలంటీర్ల ట్రెయిలర్‌లో, ఉచితం. పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగించాను. ఏడింటికి మార్జీ ఊళ్ళోని మెక్సికన్ కొట్టుకి తీసుకెళ్ళింది. చింతపండు, ఎండుమిర్చి, జీలకర్ర అన్నీ దొరికాయి, కరివేపాకు తప్ప. మీగడకి బదులు సోర్ క్రీమ్.

పదకొండున్నరకి జనం వచ్చారు. అందరి గిన్నెల్లోనూ చిల్లీ అనే కారపు మాంసం కూర. నల్లగా చిక్కగా ఉన్న నా గిన్నెలోకి తొంగి చూసి నవ్వి వెళ్ళిపోయేవారే. కేకేసి పిలవడం నాకు చేతకాదు. ఒంటిగంటకి జాడీ అడుగున మూడు నోట్లు.

అప్పుడు పెద్ద టోపీ పెట్టుకున్న ముసలి రైతు ఒకాయన, గిన్నె మీది చీటీలో నా ఊరు చదివి ఆగాడు. "టెక్సాస్ వాళ్ళు చిల్లీలో బీన్స్ వేస్తే ఒప్పుకోరుగా. నువ్వు ఒట్టి బీన్సే వండుకొచ్చావా?"

చుట్టూ నవ్వారు. జాడీకి ఆనించిన ఫోటోలో తల్లి కాళ్ళ మధ్య నుంచి చూస్తున్న పిల్ల కనిపించింది నాకు.

"ఇది చిల్లీ కాదండీ," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మా దేశంలో ఈ గింజలు ఉడకబెట్టి గుర్రాలకి పెడతారు. ఆ ఉడికిన నీళ్ళు మేం కాచుకుంటాం. మంచిదంతా మాకే."

ఆయన ఒక చెంచా తాగాడు. వెంటనే ఇంకో చెంచా. తర్వాత వెనక్కి తిరిగి, "గుర్రాన్ని మోసం చేసి మరీ దాచుకున్నారట, రండి చూద్దాం," అని తనవాళ్ళని పిలిచాడు.

వరస కట్టారు. ఏ గుర్రం కోసమని అడిగిన ప్రతివాళ్ళకీ డైరీలో ఉన్నదంతా చెప్పాను. కడుపుతో నెవాడా నుంచి వచ్చిందని, మార్చి మంచులో ఈనిందని, పిల్లకీ గేటుకీ మధ్య నిలబడే నిద్రపోతుందని. గొంతు బొంగురుపోయింది. నా జీవితంలో ఒక్కరోజున అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. రెండున్నరకి నోట్లు ఎర్ర గీత దాటాయి. పక్క గిన్నెవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకోలేదు.

సాయంత్రం కంచె దగ్గరికి వెళ్ళాను. అది ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయి, పిల్లకి అడ్డంగా నిలబడి నన్ను చూసింది. అది చాలు.

వెళ్ళాలనుకునేవారికి: తిరుగు రైలు ఉదయం తొమ్మిది దాటాక. బూట్లు తప్పనిసరి. గుర్రాలకి తినడానికి మాత్రం ఏమీ తీసుకెళ్ళకండి.

ఆదివారం మార్జీ స్టేషన్‌కి దింపింది. ఒళ్ళంతా పొగ వాసన, బ్యాగులో ఖాళీ సంచి. వచ్చేటప్పుడు నేనో అతిథిని. తిరిగి వెళ్తుంటే అక్కడ నా పని ఒకటి ఉందనిపించింది. మెట్టెక్కుతుంటే కింద నుంచి మార్జీ అంది:

"వచ్చే ఏడు రెండు గిన్నెలు వండాలి. అప్పటికి పిల్ల కూడా పెద్దదవుతుంది."