స్తమేన పెద్దమ్మ బండి, యాభై కిలోల మిరపకాయలు

మా పెద్దమ్మ స్తమేన బండిని బండి అనదు. ‘ఆవిడ’ అంటుంది. "ఆవిడకి ఎండ తగులుతోంది, నీడకి జరుపుదాం" అంటుంది. "ఈ కొండ ఆవిడ వల్ల కాదు, చుట్టూ తిరిగి పోదాం" అంటుంది. పడక, పొయ్యి, చిన్న సింకు ఉన్న పాత తెల్ల వ్యాను అది. మాది కూడా కాదు. నీష్ పట్నంలో ఉండే ఓబ్రాద్ అనే ఆయనది. రెండేళ్లుగా అద్దెకు తీసుకుని అందులోనే తిరుగుతున్నాం.

పెద్దమ్మ మా ఊరు లెస్కోవట్స్‌లో బట్టల మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. మొదట మగ్గాల దగ్గర ఉండేది. ఒకరోజు తానులు స్టేషనుకు చేరవేసే డ్రైవరు పని మానేసి వెళ్లిపోయాడు. డ్రైవింగ్ ఎవరికి వచ్చని మేనేజరు అడిగితే మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. పెద్దమ్మ రాకపోయినా చెయ్యెత్తింది. వారంలో నేర్చుకుంది. ఆ వారంలో బండి గీసుకుపోయిన గీత మిల్లు గేటు స్తంభం మీద ఇంకా ఉంది. మిల్లు మూతపడ్డాక ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది. పిల్లలు లేరు. పెదనాన్న పావురాలు పెంచేవాడు. ఆయన పోయాక పావురాలను పక్కింటివాళ్లకు ఇచ్చేసి, రెండు గదుల ఇంటిని ఒక కొత్త జంటకు అద్దెకిచ్చి, ఆ అద్దెతో ఈ బండి తీసుకుంది.

మా అమ్మ జబ్బు పడినప్పుడు నేను పదో తరగతిలో బడి మానేశాను. అమ్మ పోయాక తిరిగి వెళ్లలేకపోయాను. నలుగురిలో నాకు మాట పెగలదు. పెద్దమ్మ వచ్చి నా బట్టలు సంచిలో కుక్కుతూ, "నీకు మాట్లాడటం రాదు, నాకు ఆపటం రాదు. ఇద్దరం కలిస్తే ఒక మామూలు మనిషి అవుతాం, పద" అంది.

అలా తిరుగుతున్నాం. మా పాస్‌పోర్టులతో గ్రీసు వైపు మూడు నెలలకు మించి ఉండనివ్వరు. అందుకని మూడు నెలలు అటు, మూడు నెలలు అల్బేనియా, మోంటెనెగ్రో వైపు. పెద్దమ్మ దాన్ని షిఫ్టులు మారడం అంటుంది. మొదటి ఏడాది పోర్చుగల్ దాకా వెళ్లొచ్చాం. ఎక్కడ ఆగినా మిషను బయటపెడుతుంది. గాలికి చిరిగిన పందిరి బట్టలు, కుర్చీల సీట్లు పట్టుకుని గుడారాల వాళ్లంతా వస్తారు. డబ్బు లేనివాళ్లు చేపో పుచ్చకాయో ఇచ్చి వెళ్తారు.

ఈ సెప్టెంబరులో గ్రీసులోని సిథోనియా తీరంలో ఉండగా బుధవారం ఓబ్రాద్ ఫోన్ చేశాడు.

"అక్కా, బండి కొనడానికి నోవీ సాద్ నుంచి ఒక జంట వచ్చారు. శనివారం తీసుకొస్తున్నా. వాళ్లకి నచ్చితే ఇచ్చేస్తా. నచ్చకపోతే మే నెల దాకా నువ్వే ఉంచుకో."

పెద్దమ్మ ఫోను పెట్టేసి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. మా ఇల్లు అద్దెకిచ్చిన జంటకు కూడా మే దాకా మాట ఇచ్చి ఉంది. బండి పోతే చలికాలానికి మాకు తలదాచుకునే చోటు లేదు.

"మనం ఎక్కడ ఉంటాం?" అన్నాను.

"ఏమోనే" అంది. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున లెస్కోవట్స్ బస్సు వచ్చింది. డ్రైవరు యాభై కిలోల ఎర్ర మిరపకాయలు దింపాడు. అరచెయ్యంత పొడుగు, కండగల తియ్యటి కాయలు. పెద్దమ్మ ఎప్పుడో చెప్పి పెట్టిందట. సెప్టెంబరులో అయ్వార్ పచ్చడి పెట్టకపోతే మా ఊళ్లో చలికాలానికి సిద్ధమైనట్టు లెక్క కాదు. పెద్దమ్మ ఊరు వదిలింది కానీ పచ్చడి వదల్లేదు.

"ఇప్పుడా పెద్దమ్మా?" అన్నాను.

"ఓబ్రాద్ వచ్చేది శనివారం. ఇవి కుళ్లేది శుక్రవారం. నువ్వే చెప్పు."

పందిరి కింద రేకు పొయ్యి పెట్టి తొక్క నల్లబడేదాకా కాయలు కాల్చాం. ఆఖరి వాయి అయ్యేసరికి ఈదురుగాలి, వాన. కాల్చిన కాయల బకెట్లన్నీ బండిలోకి చేరవేసి తలుపులు మూశాం. ఆ రోజంతా లోపలే కూర్చుని తొక్కలు ఒలిచాం. తర్వాత అక్కడే నూనెలో నాలుగు గంటలు, గరిట లాగితే గిన్నె అడుగున దారి పడేదాకా కలిపింది పెద్దమ్మ. ముప్ఫై ఒక్క సీసాలు అయ్యాయి.

వాన తగ్గి బయటికి దిగి, మళ్లీ లోపలికి ఎక్కినప్పుడు తెలిసింది. దిండ్లు, పరదాలు, కప్పుకు అతికించిన మెత్తటి బట్ట అన్నీ కాల్చిన మిరపకాయల వాసనే. పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఓబ్రాద్ పెట్టిన ఒకే ఒక షరతు, లోపల పొగ పెట్టకూడదని. ఇది చూస్తే వాళ్లకి నచ్చినా నచ్చకపోయినా బండి వెనక్కి తీసుకుంటాడు.

శుక్రవారం నిమ్మచెక్కలతో రుద్దాం. కాఫీపొడి గిన్నెల్లో పోసి మూలమూలలా పెట్టాం. ఆఖరికి వెనిగర్ చల్లాం.

పక్క గుడారంలో ఉండే రాదొయ్క తల లోపలికి పెట్టి వాసన చూసింది. "ఇప్పుడు మిరపకాయల సలాడ్ వాసన వస్తోంది స్తమేనా. ఉల్లిపాయ ఒక్కటే తక్కువ."

"పో అవతలికి."

"పోతాలే. నా మాట విని, రేపు వాళ్లొస్తే పైకప్పు కారుతుందని చెప్పు. కొనరు."

"కారదు కదా!"

"కారదని నాకూ తెలుసు. చెప్పు అంటున్నా."

పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఆవిడ వింటుందే."

శనివారం పదిన్నరకు వచ్చారు. ఓబ్రాద్, కొనబోయే వుకాన్, అతని భార్య తియానా. ముగ్గురూ వుకాన్ కారులోనే వచ్చారు. ఓబ్రాద్ బండి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. ముక్కు ఎగరేశాడు.

"అక్కా! ఏమిటిది?"

"వాన నాయనా" అంది పెద్దమ్మ.

"వానకి ఈ వాసనా?"

పెద్దమ్మ వుకాన్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నిజం చెప్పాలంటే ఆ రోజు పెద్దమ్మే బండిని అమ్మేసేలా ఉంది. ఆవిడ గురించి ఒక్క చెడ్డ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"ఈ పరదాలు నేనే కుట్టాను, ఎండకి వెలవవు. ఈ అర చూడు బాబూ, ఎంత మలుపులోనైనా గ్లాసు జారదు. ఇంజనంటావా, గడ్డకట్టే చలిలో, కొండ మీద, ఒక్క తిప్పుకి లేచింది. మనుషులే లేవరు అలా!"

వుకాన్ కళ్లు మెరుస్తున్నాయి. ఓబ్రాద్ కోపం తగ్గుతోంది. పెద్దమ్మ టైర్లు చూపించడానికి మగవాళ్లిద్దరినీ కిందికి దింపింది. లోపల నేనూ తియానా మిగిలాం. ఆమె ఒక దిండు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఈ వాసన పోతుందా?"

గాలికి పోతుందనాలని పెద్దమ్మ నాకు ముందే నేర్పి పెట్టింది. ఆమె దిండు దించకుండా నా జవాబు కోసం చూస్తోంది.

"పోదు" అన్నాను.

"అసలు పోదా?"

"పోయినేడు ఒక్క గిన్నెడు లోపల వండితే ఫిబ్రవరి దాకా ఉంది. ఈసారి యాభై కిలోలు. హీటరు వేసినప్పుడల్లా ఇంకా ఎక్కువ వస్తుంది."

తియానా దిండు కింద పెట్టి గబగబా దిగింది. "వుకాన్! ఏటా సెప్టెంబరంతా మీ అమ్మ వంటింట్లో ఈ వాసన భరిస్తున్నాను. దీన్నుంచి పారిపోదామనే కదా బండి కొందామన్నది! మళ్లీ దాంట్లోకే ఎక్కిస్తావా నన్ను?"

"అది కాదే, ఇంజను..."

"ఇంజనుతో నువ్వు కాపురం చెయ్యి."

ఓబ్రాద్ ధర తగ్గిస్తానన్నాడు. ఆమె అప్పటికే కారెక్కేసింది. ఎలాగూ వచ్చాం కాబట్టి రెండు రోజులు సముద్రం దగ్గర ఉంటామని వుకాన్ సిగ్గుపడుతూ చెప్పి వెళ్లిపోయాడు.

ఓబ్రాద్ పందిరి కింద కూలబడ్డాడు. పెద్దమ్మ కాఫీ పెట్టింది. రొట్టె కోసి, పచ్చడి సీసా తెరిచి ముందు పెట్టింది. ఆయన కాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నాడు. మూడో ముక్క తింటూ అన్నాడు:

"ఇలా కంపు కొట్టే బండిని వేరేవాళ్లెవరు తీసుకుంటారు? మే దాకా దీంతో నువ్వే ఏడువు."

పెద్దమ్మ సంతోషిస్తుందనుకున్నాను. నా మీదికి తిరిగింది. "ఆ పిల్లతో ఏం చెప్పావే?"

"వాసన పోదన్నాను."

"ఆవిడ పరువు తీశావు కదే! బయటివాళ్ల ముందు!"

"నిజమే కదా పెద్దమ్మా."

కళ్లెర్రజేసి చూసింది. మొహం తిప్పుకుని, గౌను అంచుతో కళ్లు తుడుచుకుంది. "మొద్దు పిల్ల" అంది ఓబ్రాద్‌తో. నన్ను దగ్గరికి లాక్కుని నా తల తన భుజానికి గట్టిగా అదుముకుంది. ఆమె జుట్టూ మిరపకాయల వాసనే.

ఓబ్రాద్‌ను బస్సు దగ్గర దింపడానికి మేమే బయల్దేరాం. దారి పొడుగునా ఆయన తల కిటికీ బయట పెట్టుకునే కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం రెండు సీసాలు అడిగాడు. పెద్దమ్మ ఒకటి ఇచ్చింది.

"రెండోది మే నెలలో, బండి అప్పగించేటప్పుడు."

"అప్పటిదాకా మిగులుతుందా అక్కా?"

"మిగలదు" అంది పెద్దమ్మ, గేరు వేస్తూ.