కంటతడి పెట్టని గజల్ మాస్టారు

ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని పెద్దలన్నారు. ఏడవని మగాడి సంగతేమిటో మాత్రం చెప్పకుండానే పోయారు. అందుకని గజల్ మాస్టారిని ఏమనుకోవాలో ఆ వీధిలో ఎవరికీ పాలుపోలేదు. భార్య పోయి నెల దాటింది. ఆయన కంట చుక్క రాలలేదు.

మాస్టారనడమే గానీ ఆయన ఎవరికీ పాఠం చెప్పినవాడు కాదు. బతుకుతెరువు కళ్ళజోళ్ళ దుకాణంలో. ముందు గదిలో అద్దాల బీరువాలు, ఫ్రేములు పెట్టుకుని మురిసిపోయే జనం. వెనక గదిలో ఒక బల్ల, నీళ్ళు చిమ్ముతూ తిరిగే సాన, దాని ముందు ఈయన. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి అందులో కూర్చోబెట్టడం ఆయన పని. ఎక్కువ అరిగితే అద్దం వదులై రాలిపోతుంది, తక్కువ అరిగితే బిగుసుకుని పగులుతుంది. భార్య పోయిన వారానికే వెళ్ళి సాన ముందు కూర్చున్నాడు. ఒక్క అద్దం పగల్లేదు. అదీ తప్పే అయింది. "చెయ్యి కూడా వణకలేదట!" అని చెవులు కొరుక్కున్నారు.

ఆదివారం సాయంత్రాలు స్టేషను ఎదుటి హోటల్లో, మేడ మీది హాల్లో, ఆయన పాత హిందీ సినిమా గజళ్ళు పాడేవాడు. భార్యది హార్మోనియం. గజల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది.

"ఒకే మేడలో అద్దెకున్న కాపురాలండీ. రెండేసి పాదాలకి ఒక్కో వాటా. ఏ వాటా గొడవ ఆ వాటాదే. అందరూ ఎక్కి దిగే మెట్లు మాత్రం ఒకటే, అదే చివర్లో తిరిగి తిరిగి వచ్చే మాట."

సినిమావాళ్ళు ఆ మేడలో సగం మందిని ఖాళీ చేయించి, మూడు నాలుగు వాటాలు ఉంచి, నోరు తిరగని మాటలు తీసేసి, మధ్యలో వయొలిన్లు నింపారు. అసలు గజల్ తెలిసినవాళ్ళు దీనికి పెదవి విరిచేవారు. మాస్టారు ఆ మాట చెవిన వేసుకునేవాడు కాదు. సినిమావాళ్ళు పుణ్యం కట్టుకోకపోతే ఆ పాట తనలాంటివాడి దాకా ఎక్కడొచ్చేదని ఆయన వాదన.

ఆ పాటల్లో ఏడవనివాడంటూ లేడు. ఎప్పుడూ ఎవరో ఒకరు వెళ్ళిపోయి ఉంటారు, మిగిలినవాడు కుమిలిపోతూ ఉంటాడు. మాస్టారు ఇన్నేళ్ళూ కడుపునిండా తిని, పక్కన పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుని ఎడబాటు గురించి పాడాడు. ఆవిడ కూడా, "ఇవాళ బాగా ఏడిచారు, పదండి ఇంటికి," అని నవ్వేది. తీరా ఎడబాటు నిజంగా వచ్చి ఇంట్లో కూర్చునేసరికి లోపల ఏమీ లేదు. తింటున్నది ఉప్పనో చప్పనో తెలియదు. పడుకుంటే నిద్ర కూడా పడుతోంది. దానికే ఆయనకి భయం వేసింది. గుండె రాయైపోయిందని కాదు, మొదటినుంచీ రాయేనేమోనని.

కూతురు మాత్రం కంటికీ మంటికీ ఏకధారగా ఏడ్చింది. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే పిల్ల, ఒళ్ళు దాచుకోదు, మాట దాచుకోదు. ఒకరోజు అడిగేసింది.

"నాన్నా, నీకసలు బాధ లేదా?"

"తెలియట్లేదమ్మా. పన్ను పీకే ముందు మత్తిస్తే చెంప ఎలా ఉంటుంది? నాదే, కానీ నాది కానట్టు. అలా ఉంది."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. అప్పటినుంచీ వాళ్ళ మధ్య "అన్నం పెట్టాను", "తలుపు వేసుకో" తప్ప మరో మాట లేదు. మీ అమ్మంటే నాకు ప్రాణమే అని చెబుదామని ఆయనకి ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అది నిజమో కాదో తేలకుండా కూతురితో ఎలా అనడం?

అలాంటి రోజుల్లో హోటలు మేనేజరు ఇంటికొచ్చాడు. మనిషి మంచివాడే, నోటికే కాస్త అడ్డూ ఆపూ ఉండదు.

"మాస్టారూ, ఈ ఆదివారం పాడాలి మీరు. ఇన్నాళ్ళూ పాడింది ఒక ఎత్తు, ఇప్పుడొక ఎత్తు. అసలైన బాధ ఇప్పుడు పలుకుతుంది చూడండి!"

పుండు మీద కారం చల్లానని పాపం ఆయనకి తెలియదు. మాస్టారు మాత్రం ఒప్పుకున్నాడు. ఇంట్లో రానిది పాటలోనైనా వస్తుందేమోనని ఆశ.

"నేనూ వస్తాను," అంది కూతురు. ఎందుకొస్తోందో ఇద్దరికీ తెలుసు.

గజల్లో ప్రతి రెండు పాదాలకీ ఒక మర్మం ఉంది. మొదటి పాదం ఊరిస్తుంది, రెండోది తీరుస్తుంది. పాడేవాడు మొదటి పాదాన్ని ఒక్కసారి అని వదిలెయ్యడు. ఇటు తిప్పి, అటు తిప్పి, తగ్గించి, పెంచి అంటాడు. వినేవాళ్ళు తర్వాతి మాట కోసం ముందుకి వంగుతారు. అప్పుడు వదలాలి రెండోది. తొందరపడితే పచ్చి, ఆలస్యమైతే చప్పన. ఎప్పుడు వదలాలో మాస్టారికి ఏనాడూ తెలియదు. అది భార్య పని. హార్మోనియం వాయిస్తూనే హాల్లో ముఖాలన్నీ చూసి, పాలు పొంగబోయే క్షణం కనిపెట్టినట్టు కనిపెట్టి, చిన్నగా తల ఊపేది. ఆవిడనే చూస్తూ పాడే మాస్టారు అప్పుడు రెండో పాదం అందుకునేవాడు. ఈ ఏర్పాటు గురించి వాళ్ళిద్దరూ ఎన్నడూ మాట్లాడుకున్నది కూడా లేదు.

ఆ ఆదివారం ఆయన మొదటి పాదం పాడి, అలవాటుగా పక్కకి చూశాడు. అక్కడ కొత్తగా కుదిరిన కీబోర్డాయన మీటల మీదికి వంగి వాయించుకుంటున్నాడు. మాస్టారు ఆ పాదాన్నే మళ్ళీ అన్నాడు. తిప్పి అన్నాడు. ఎంతో కిందికి దించి అన్నాడు. చూపు అక్కడే ఉంది. హాల్లో ఆహా ఓహోలు మొదలయ్యాయి. కప్పుల చప్పుడు ఆగిపోయింది. మేనేజరు గల్లాపెట్టె దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు మళ్ళీ అదే పాదం. కీబోర్డాయన పాపం ఎటు లాగితే అటు వస్తున్నాడు. చివరికి ముందు వరసలో ఒక పెద్దాయన ఆగలేక రెండో పాదం తనే అందుకున్నాడు. అందరికీ వచ్చిన పాటే కదా, హాలంతా గొంతు కలిపింది. మాస్టారు ఆ గుంపులో పడి పాట చివరిదాకా నడిచాడు.

"గుండె పిండేశారు మాస్టారూ! నేను చెప్పలా? వచ్చే వారం కూడా ఆ మొదటి లైను అలాగే సాగదీయండి," అన్నాడు మేనేజరు.

కూతురు స్కూటరు తీసింది. ఆయన వెనక కూర్చున్నాడు. ఎర్రలైటు దగ్గర బండి ఆపి అడిగింది.

"ఇంట్లో నా ముందు రాని బాధ, టీ తాగడానికొచ్చినవాళ్ళ ముందు వచ్చిందా నాన్నా?"

"బాధ కాదమ్మా అది."

"మరి అంతసేపు ఎందుకు సాగదీశావు? వాళ్ళని ఏడిపించడానికా? లేక రెండో లైను మర్చిపోయావా?"

"మర్చిపోతానా? మీ అమ్మ తల ఊపలేదు."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగాయి. ఆమె కదల్లేదు.

"అమ్మ ఎక్కడుంది నాన్నా, ఊపడానికి?"

"లేదు, తెలుసు. పాడేటప్పుడు తట్టలేదు. ఇంకా టైము కాలేదేమో అనుకున్నాను."

ఆమె స్కూటరు పక్కకి తీసి, స్టాండు వేసి, పేవ్‌మెంటు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. తన కళ్ళు ఎప్పటిలా పొడిగానే ఉన్నాయి. ఏడవగలుగుతున్నందుకు కూతుర్ని చూస్తే ఆయనకి అసూయ వేసింది.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని అడిగింది. "ఆ పెద్దాయన అందుకోకపోతే ఏం చేసేవాడివి?"

మాస్టారు నిజంగానే ఆలోచించాడు.

"ఇంకా అక్కడే ఉండేవాణ్ణమ్మా," అన్నాడు.