ఎలుకల పని

విశాఖపట్నంలో నేను చేసేది ఎలుకల పని. ఊళ్లో అమ్మ అందరికీ అలాగే చెప్పేది. "ఎలకల్ని మేపడానికి ఇంత సదువేటే? మన సోడి సేలో బోల్డున్నాయి కదా" అని ఆటపట్టించేది. డుంబ్రిగుడ దగ్గర మా కొండ ఊళ్లో సోళ్లు, అంటే రాగుల కోతలయ్యాక కన్నాలు తవ్వి ఎలుకల్ని పడతారు, కాల్చుకు తింటారు. నా ఎలుకలు తినడానికి పనికిరావంటే అమ్మకు జాలేసేది.

నా ఎలుకలకు పుట్టుకతోనే ఒక జన్యువు ఉండదు. మెదడులో ఒక కణం వదిలిన సెరటోనిన్ అనే రసాయనాన్ని పనయ్యాక మళ్లీ లోపలికి తీసుకునే ఏర్పాటు ఆ జన్యువుదే. అది లేకపోతే సెరటోనిన్ బయటే ఉండిపోతుంది. దాన్ని అందుకునే రిసెప్టర్లు కొంతకాలానికి సర్దుకుంటాయి. కొన్ని తగ్గిపోతాయి, కొన్ని ఉండి కూడా సరిగా పలకవు. పొద్దస్తమానం ఎవరో తలుపు తడుతూ ఉంటే ఇంట్లోవాళ్లు లేవడం మానేసినట్టు. ఆ మెదళ్లను పలచగా కోసి, ఏం మిగిలిందో చూడటం నా ఉద్యోగం.

నేను వేసుకునే మాత్ర కూడా ఆ ఏర్పాటునే ఆపుతుంది. దిగులుకని డాక్టరు రాసిచ్చాడు. దిగులు తగ్గింది. దానితోపాటు మిగతావీ తగ్గాయి.

అమ్మ పోయిందని నాన్న ఫోన్ చేస్తే, సరే, బయలుదేరుతున్నాను అన్నాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా లేదా అని చూసుకున్నాను కూడా. శవం దగ్గర పెద్దమ్మ నా భుజం పట్టి కుదిపింది.

"ఏటే గుంటా, ఏడవ్వేటి? నిన్ను కన్నతల్లి కాదేటి?"

మాత్ర సంగతి చెప్పాను.

"అయితే ఆ మాత్ర మానీ. బేగి ఏడు."

ఒక్కరోజు మానితే ఏమీ మారదు. ఏడవాలని నాకూ ఉంది. అమ్మ కోసం ఏడవలేకపోతున్నానన్న సిగ్గు ఒక్కటే కాస్త తెలుస్తోంది.

దినం అయిన మర్నాడు నాన్న చేలోంచి ఎలుకలు పట్టి తెచ్చి కాల్చాడు. ఏటా కోతలప్పుడు అమ్మ నా వాటా తీసి ఉంచమనేదట. పచ్చిమిరపకాయలూ ఉప్పూ నూరి పక్కన పెట్టాడు. రెండో ముక్కకే నా కళ్లలోంచి నీళ్లు కారాయి.

"ఏడిసింది! గుంట ఏడిసింది!" అంటూ పెద్దమ్మ వాకిట్లోకి పోయి అందరికీ చెప్పింది. నాన్న నా వైపు చూసి, తల తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

అది కారమని నాకు తెలుసు. కాదేమోనన్న ఆశతో ఇంకో ముక్క తీసుకుని, ఈసారి కారం అద్దకుండా నోట్లో పెట్టుకుని ఆగాను. కళ్లు ఆరిపోయాయి.