బొంగురు పెట్టె

మా పాటల మాస్టారు మొన్న సోమవారం ఉదయం బందరులో కన్నుమూశారు. చర్చిలో పాటలు నేర్పుతూ, ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయి గిటారుతో దివిసీమ దాకా తిరిగిన మనిషి. ఆయన వాయించిన పందిళ్లన్నిటికీ మైకుసెట్టు నాదే. అందుకే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. సిగ్గు అడ్డమొస్తోంది.

గిటారుకు ఆయనకో చిన్న యాంప్లిఫయరు పెట్టె ఉండేది. దాని వెనక బెజ్జంలో తీగ పెడితే పెట్టె మూగబోయి, పాట నేరుగా నా పెద్ద సెట్టులోకి వచ్చేస్తుంది. మైకు కూత ఉండదు, గాలి హోరూ ఉండదు. మాస్టారు వింటేనా! పెట్టె ముందు మైకు పెట్టాల్సిందే. కృత్తివెన్ను ప్రార్థన కూటాల్లో సముద్రపు గాలికి మైకు హోరెత్తిపోతే, మెడలో కండువా తీసి దానికి చుట్టారు. జనం తిట్టింది మాత్రం నన్ను.

"తీగ కలిపేద్దామండీ మాస్టారూ" అని ఆ రోజు విసుక్కున్నాను.

"ఈ పెట్టెలో స్పీకరు అట్ట చిరిగితే మా ఇంటావిడ గంజి రాసి చీరముక్క అతికించిందయ్యా. అప్పట్నుంచీ దీనికి కాస్త బొంగురొచ్చింది. నీ తీగలో ఆ బొంగురు రాదుగా. ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి నన్నొక్కణ్ణే వాయించమంటావా?"

ముసలాయన సరసం అనుకుని నవ్వుకున్నాను గానీ, మైకే పెట్టాను. ఆయన మీద కోపం నిలిచేది కాదు. పందిట్లోకి రాగానే, "అన్నం తిన్నావా? ఖాళీ కడుపుతో బిగించిన మైకు కూయక మానదు" అనేవారు. నేను తినేదాకా గిటారు తీసేవారు కాదు.

నిన్న ఆయన కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో ఆయన శిష్యురాలు ఆ గిటారే వాయించింది. ముందు వరసలో ఊరి పెద్దలు. వాళ్లెదుట మైకు కూస్తే నా పరువేం కావాలని పెట్టె వెనక తీగ కలిపేశాను. వద్దనే మనిషి లేడుగా! ఆయన బతికుండగా నెగ్గని పంతం, పోయాక నెగ్గించుకున్నాను. పాట కడిగిన గాజుగ్లాసులా వచ్చింది. నాకు ముచ్చటేసింది కూడా.

మాస్టారి భార్యకు చూపు ఆనదు. సెట్టు పక్కనే కుర్చీలో ఉన్నారు. చెయ్యి చాచి నా భుజం తడిమారు.

"బాగా వాయిస్తోంది బాబూ, ఎవరిదో గిటారు. మాస్టారిదెప్పుడు తీస్తారు?"

ఇదే మాస్టారిదని చెప్పాలంటే, నేను చేసిందీ చెప్పాలి. తలవంచుకుని మిగిలిన తీగలు చుట్టుకున్నాను.

ప్రార్థన ముగిసింది. జనం లేచి వెళ్లిపోతున్నారు. ఆవిడ మాత్రం లేవలేదు, పెట్టె వైపు చెవి ఒగ్గి అలాగే కూర్చున్నారు.